సెప్సిస్‌లో రక్తం గడ్డకట్టే తీరు: ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూస్తే చాలదు

వానలు పట్టాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తిరుపతిలో ఏ ఐసీయూ తలుపు ముందు కాసేపు నిలబడినా ఒక ప్రశ్న వినిపిస్తుంది: "ప్లేట్‌లెట్లు ఎంతకొచ్చాయి?" డెంగీ నేర్పిన ప్రశ్న అది. నర్సు అంకె చెప్పగానే ఊరికి ఫోన్లు వెళతాయి, దాతల కోసం వాట్సాప్‌లో మెసేజ్ తిరుగుతుంది, ఎవరో ఒకరు బొప్పాయి ఆకు రసం సీసాలో పోసి తెస్తారు. లోపల ఉన్నది డెంగీ రోగి అయితే ఆ ప్రశ్నకు కొంత అర్థముంది. సెప్సిస్ రోగి అయితే ఆ అంకె సగం సంగతి కూడా చెప్పదు. ప్లేట్‌లెట్లు నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత పడ్డాయి, వాటితో పాటు రక్తం గడ్డకట్టే సమయం పెరుగుతోందా, అవయవాలు ఎలా ఉన్నాయి అన్నవి పక్కపక్కన పెట్టి చూడాలి. అలా చూడడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. చిత్తూరు, శ్రీకాళహస్తి, పలమనేరు లాంటి ఊళ్లలో దొరికే పరీక్షలతోనే చాలావరకు తేల్చవచ్చు. కావాల్సింది వాటిని సమయానికి, సరిగ్గా, మళ్లీ మళ్లీ చేయడం.

సెప్సిస్ అంటే రక్తంలోకి క్రిములు ఎక్కడం అని చాలామంది అనుకుంటారు. కొందరి రక్తంలో క్రిములు దొరకవు కూడా. ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కొనే క్రమంలో శరీరం అదుపు తప్పి, సొంత అవయవాలనే ప్రాణం మీదికి వచ్చేంతగా దెబ్బతీసుకునే స్థితిని సెప్సిస్ అంటారు. 2016లో ఖరారైన అంతర్జాతీయ నిర్వచనం సారం ఇదే. మొదలు ఎక్కడైనా కావచ్చు: న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగర్ రోగి కాలి పుండు, పగిలిన అపెండిక్స్, కాన్పు తర్వాత గర్భసంచికి సోకిన ఇన్ఫెక్షన్. ఇలాంటి రోగుల్లో సుమారు మూడో వంతు మందిలో రక్తం గడ్డకట్టే వ్యవస్థ తీవ్రంగా దెబ్బతింటుంది. అది ముదిరిన దశనే డాక్టర్లు డీఐసీ అంటారు. ఆ దశకు చేరినవాళ్లలో మరణాలు మిగతా సెప్సిస్ రోగులకన్నా చాలా ఎక్కువ.

రక్తపింజర కాటుకూ దీనికీ తేడా

చిత్తూరు వైపు వేరుశనగ చేలల్లో పనిచేసేవాళ్లకు రక్తం గడ్డకట్టకపోవడం ఎలా ఉంటుందో ఒకరు చెప్పాల్సిన పని లేదు. రక్తపింజర కరిచిన మనిషికి కాటు దగ్గర రక్తం ఆగదు, చిగుళ్ల నుంచి కారుతుంది, మూత్రం ఎర్రగా వస్తుంది. రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లను కారకాలు అంటారు, అంకెలతో పిలుస్తారు. ఆ పాము విషం వాటిలో ఐదో కారకాన్ని, పదో కారకాన్ని నేరుగా రెచ్చగొడుతుంది. గడ్డకట్టడానికి ముడిసరుకైన ఫైబ్రినోజన్ కొన్ని గంటల్లోనే ఖర్చయిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా చేయగల పరీక్ష ఉంది. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. రక్తం ముద్దగా నిలిస్తే ఫర్వాలేదు. నీళ్లలా జారితే యాంటీ వెనమ్ మొదలుపెడతారు. అంత సులువైన పరీక్ష ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో లెక్క కట్టలేం.

సెప్సిస్‌లో మాత్రం ఆ గాజు గొట్టం మోసం చేస్తుంది. ఫైబ్రినోజన్ అడుగంటితేనే ఆ పరీక్షలో తేడా కనిపిస్తుంది. సెప్సిస్‌లో ఫైబ్రినోజన్ అంత తొందరగా అడుగంటదు. పైగా ఇక్కడ జరిగేది దాదాపు తిరగబడిన కథ. ముందు రక్తం కారడం ఉండదు, లోపల గడ్డలు కడుతుంటాయి. అవి కాలి నరంలో కట్టే పెద్ద గడ్డల్లాంటివి కావు. కిడ్నీలో, ఊపిరితిత్తుల్లో, చర్మం కింద, వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాల్లో కట్టే సూక్ష్మమైన గడ్డలు. స్కానింగ్‌లో అవి కనిపించవు. మూత్రం తగ్గడం, ఆయాసం, మనిషి మగతగా ఉండడం, కాలి వేళ్లు నీలమెక్కడం లాంటి వాటితోనే బయటపడతాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే పరీక్షల అర్థమంతా ఇందులోనే ఉంది. మామూలుగా రక్తనాళాల లోపలి పొర నున్నగా, రక్తం జారిపోయేలా ఉంటుంది. గడ్డకట్టడాన్ని ఆపే పదార్థాలను అది తన మీదే పూసుకుని ఉంటుంది. సెప్సిస్‌లో ఆ పొర దెబ్బతింటుంది. మోనోసైట్లు అనే తెల్లకణాలు టిష్యూ ఫ్యాక్టర్‌ను తమ పైకి తెచ్చుకుంటాయి. గాయమైనప్పుడు గడ్డకట్టే పని మొదలుపెట్టేది అదే. గాయం లేకుండానే ఆ పని మొదలవుతుంది. న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలు క్రిములను పట్టడానికి తమ డీఎన్ఏ పోగులనే వలలా విసురుతాయి. ఆ వలల్లో ప్లేట్‌లెట్లు కూడా చిక్కుకుంటాయి. నిజానికి ఇదంతా శరీరం కాపుదల కోసం చేసే పనే. క్రిమి ఉన్న చోటే దాన్ని గడ్డలో బంధించి, ముందుకు పాకకుండా చేయడం ఉద్దేశం. ఒక వేలి మీద పుండు దగ్గర జరిగితే అది మేలు చేస్తుంది. ఒళ్లంతా జరిగితే అవయవాలకు రక్తం అందదు.

దీనికి తోడు రెండు బ్రేకులు పాడవుతాయి. ఒకటి, గడ్డకట్టడాన్ని అదుపులో పెట్టే యాంటీథ్రాంబిన్, ప్రోటీన్ సి తగ్గిపోతాయి. రెండు, కట్టిన గడ్డను కరిగించే వ్యవస్థ మూతపడుతుంది. పీఏఐ-1 అనే పదార్థం సెప్సిస్‌లో విపరీతంగా పెరిగి, గడ్డ కరగకుండా అడ్డుపడుతుంది. డీఐసీ అన్న పేరు ఒకటే అయినా అన్ని జబ్బుల్లో అది ఒకేలా ఉండదనడానికి ఇదే కారణం. ఒక రకం రక్త క్యాన్సర్‌లో, కొన్ని కాన్పు సమస్యల్లో గడ్డలు కరిగే వేగం కూడా పెరుగుతుంది, అందుకే అక్కడ రక్తస్రావం ముందు వరసలో ఉంటుంది. సెప్సిస్‌లో గడ్డలు కరగవు. రక్తస్రావం వచ్చేది చివర్లో, ప్లేట్‌లెట్లూ కారకాలూ ఖర్చయిపోయాక. అప్పటిదాకా "ఎక్కడా రక్తం కారడం లేదు కదా" అనుకుంటూ ఉంటే విలువైన సమయం చేజారుతుంది.

నాలుగు పరీక్షలు

ప్లేట్‌లెట్ల లెక్క అన్నిటికన్నా చవక, అన్ని చోట్లా దొరుకుతుంది. లక్షన్నరకు తగ్గితే తక్కువ కింద లెక్క. కానీ సెప్సిస్‌లో అసలు అంకెకన్నా అది దిగుతున్న వేగం ఎక్కువ చెబుతుంది. మూడున్నర లక్షలున్న మనిషికి ఒక్క రోజులో లక్షా అరవై వేలకు పడితే రిపోర్టులో ఎర్ర గీత రాదు, కంప్యూటర్ దాన్ని నార్మల్ అనే రాస్తుంది. అయినా సగానికి పైగా పోయినట్టే. జపాన్ అత్యవసర వైద్యులు 2006లో ప్రకటించిన ప్రమాణాల్లో ఈ సంగతికి చోటిచ్చారు. 24 గంటల్లో 30 శాతానికి మించి పడితే ఒక మార్కు, 50 శాతానికి మించి పడితే మూడు మార్కులు వేయమన్నారు. ఈ ఒక్క ఆలోచన మన జిల్లా ఆసుపత్రుల్లో అలవాటైతే చాలు, ఎంతోమందిని ముందే పట్టుకోవచ్చు.

రెండోది ప్రోత్రాంబిన్ టైమ్, వాడుకలో పీటీ. ల్యాబులో రక్తం గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో అది చెబుతుంది. దాన్నే ల్యాబుల మధ్య తేడా లేకుండా సరిచేసి ఐఎన్‌ఆర్‌గా రాస్తారు. కాలేయంలో తయారయ్యే కారకాల్లో ఏడోది రక్తంలో నాలుగు నుంచి ఆరు గంటలకే సగానికి తగ్గిపోతుంది, ఎప్పటికప్పుడు కొత్తది రావాలి. అందుకే కారకాలు ఖర్చవుతున్నప్పుడు, కాలేయం నలిగినప్పుడు పీటీ తొందరగా పెరుగుతుంది. ఏపీటీటీ అనే దాని తోడు పరీక్ష ఇక్కడ అంత నమ్మదగ్గది కాదు. సెప్సిస్ మొదట్లో ఎనిమిదో కారకం పెరిగి ఉంటుంది కాబట్టి, ఏపీటీటీ మామూలుగానో, ఒక్కోసారి మామూలుకన్నా తక్కువగానో కూడా రావచ్చు.

మూడోది ఫైబ్రినోజన్. చాలామంది దీని దగ్గరే పొరబడతారు. ఫైబ్రినోజన్ మామూలు స్థాయి డెసిలీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాములు. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కాలేయం దాన్ని ఇంకా ఎక్కువ తయారు చేస్తుంది. 600 ఉండాల్సిన మనిషికి 300 వస్తే రిపోర్టు నార్మల్ అంటుంది. నిజానికి సగం కరిగిపోయింది. గర్భిణుల్లో ఈ మోసం ఇంకా ఎక్కువ. నెలలు నిండేసరికి వాళ్లకు సహజంగానే 400 నుంచి 600 దాకా ఉంటుంది. బాలింతకు ఇన్ఫెక్షన్ సోకి 200 వచ్చిందంటే, మామూలు మనిషికి అది కింది హద్దు కావచ్చు గానీ ఆమెకు ప్రమాద ఘంటిక.

నాలుగోది డీ-డైమర్. కోవిడ్ రోజుల్లో ఈ పేరు ప్రతి ఇంటికీ తెలిసింది, సీటీ స్కోరుతో పాటు దాన్నీ జనం కంఠతా పట్టారు. గడ్డ కట్టి, కొంతైనా కరిగిందనడానికి అది ఆనవాలు. కానీ సెప్సిస్ రోగుల్లో దాదాపు అందరికీ అది పెరిగే ఉంటుంది. వయసు పైబడినవాళ్లకు, గర్భిణులకు, ఆపరేషన్ అయినవాళ్లకు కూడా పెరుగుతుంది. మామూలుగా ఉంటే డీఐసీ లేదని చెప్పడానికి బాగా పనికొస్తుంది, ఎక్కువ ఉంటే మాత్రం ఒంటరిగా దేన్నీ తేల్చదు. ఇంకో చిక్కు యూనిట్లది. ఒక ల్యాబు ఎఫ్ఈయూ అని, ఇంకో ల్యాబు డీడీయూ అని రాస్తుంది. మొదటిది రెండోదానికి ఇంచుమించు రెట్టింపు. ఒకరు మైక్రోగ్రాముల్లో, ఇంకొకరు నానోగ్రాముల్లో ఇస్తారు. చిత్తూరు ల్యాబు రిపోర్టునూ తిరుపతి ల్యాబు రిపోర్టునూ యూనిట్లు చూడకుండా పోలిస్తే, ఏమీ మారని మనిషికి డీ-డైమర్ రెట్టింపైందని కంగారు పడాల్సి వస్తుంది. రెట్టింపైన మనిషిని చూసి ధీమాగా ఉండిపోయే ప్రమాదమూ ఉంది.

ఒక రోగి, ఇరవై నాలుగు గంటలు

ఊహించి రాసిన ఒక ఉదాహరణతో ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పాకాల దగ్గర పల్లెలో 58 ఏళ్ల మహిళ అనుకుందాం. పదేళ్లుగా షుగర్. మూత్రంలో మంట, చలిజ్వరం మూడు రోజులు. నాలుగో రోజు సాయంత్రం బీపీ పడిపోయి ఆసుపత్రికి తెచ్చారు. రాత్రి 7 గంటలకు తీసిన రక్తంలో ప్లేట్‌లెట్లు 2,40,000, ఐఎన్‌ఆర్ 1.1. రెండూ నార్మల్. మర్నాడు ఉదయం 6 గంటలకు ప్లేట్‌లెట్లు 1,45,000, ఐఎన్‌ఆర్ 1.3. రెండూ "కొద్దిగా తేడా" అన్నట్టే కనిపిస్తాయి. సాయంత్రం 5 గంటలకు 92,000, ఐఎన్‌ఆర్ 1.5. ఫైబ్రినోజన్ 310, డీ-డైమర్ ఓ మోస్తరుగా పెరిగింది. ఒంటి మీద ఎక్కడా రక్తపు చుక్క లేదు.

ఇప్పుడు స్కోర్లు వేసి చూద్దాం. రక్తస్రావం, రక్తం గడ్డకట్టడం మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐఎస్‌టీహెచ్ 2001లో డీఐసీకి ఒక స్కోరు ఇచ్చింది. ప్లేట్‌లెట్లు లక్ష నుంచి యాభై వేల మధ్య ఉంటే 1, యాభై వేలకు తగ్గితే 2. డీ-డైమర్ ఓ మోస్తరుగా పెరిగితే 2, బాగా పెరిగితే 3. పీటీ మూడు నుంచి ఆరు సెకన్లు ఎక్కువైతే 1, ఆరు దాటితే 2. ఫైబ్రినోజన్ 100కు తగ్గితే 1. మొత్తం 5 గానీ ఆపైన గానీ వస్తే డీఐసీ బయటపడినట్టు. పాకాల రోగికి సాయంత్రం ప్లేట్‌లెట్లకు 1, డీ-డైమర్‌కు 2, పీటీ మామూలు 12 సెకన్లకు బదులు 17 వచ్చిందనుకుంటే 1, ఫైబ్రినోజన్‌కు సున్నా. మొత్తం 4. అంటే ఈ లెక్కన ఆమె ఇంకా గీతకు ఇవతలే ఉంది. ఓ మోస్తరు అంటే ఎంత, బాగా అంటే ఎంత అన్నది 2001 ప్రమాణం స్పష్టంగా చెప్పకుండా ల్యాబులకే వదిలేసింది కాబట్టి, ఇంకో ల్యాబులో ఆమెకే 5 రావచ్చు.

ఈ ఇబ్బంది వల్లే 2017లో సెప్సిస్ కోసమే ఒక సులువైన స్కోరు వచ్చింది. పేరు ఎస్ఐసీ. ఇందులో డీ-డైమర్ లేదు, ఫైబ్రినోజన్ లేదు. మూడే అంశాలు. ప్లేట్‌లెట్లు లక్షన్నరకు తగ్గితే 1, లక్షకు తగ్గితే 2. ఐఎన్‌ఆర్ 1.2 దాటితే 1, 1.4 దాటితే 2. అవయవాల స్థితిని కొలిచే సోఫా స్కోరు 1 ఉంటే 1, రెండు గానీ ఆపైన గానీ ఉంటే 2. మొత్తం 4 గానీ ఆపైన గానీ రావాలి, అందులో ప్లేట్‌లెట్లు, ఐఎన్‌ఆర్ మార్కులు కలిపి రెండు దాటాలి. పాకాల రోగికి ఉదయం 1, 1, 2 వచ్చాయి. మొత్తం నాలుగే అయినా మొదటి రెండూ కలిపి రెండు దాటలేదు, కాబట్టి నిర్ధారణ కాదు. కానీ ప్లేట్‌లెట్లు పదకొండు గంటల్లో 40 శాతం దాకా పడ్డాయని ఎవరైనా గమనించి ఉంటే, సాయంత్రం దాకా ఆగకుండా మధ్యాహ్నమే మళ్లీ పరీక్ష చేయించేవాళ్లు. సాయంత్రానికి 2, 2, 2. మొత్తం 6. సందేహం లేదు.

పెద్ద స్కోరు నాలుగు పరీక్షలతో ఇంకా ఆలోచిస్తుండగా, చిన్న స్కోరు రెండు చవకైన పరీక్షలతో విషయం తేల్చేసింది. అలాగని పెద్దదాన్ని పక్కన పడేయనక్కర్లేదు. ముందు ఎస్ఐసీతో వడపోసి, అది నిర్ధారణ అయినవాళ్లకు ఐఎస్‌టీహెచ్ స్కోరు వేయడం ఇప్పుడు నిపుణులు సూచిస్తున్న పద్ధతి. చిన్న ఊళ్ల ఆసుపత్రులకు ఇది మరీ అనుకూలం. ఫైబ్రినోజన్ పరీక్ష కోసం శాంపిల్ వేరే ఊరికి పంపాల్సిన చోట కూడా ప్లేట్‌లెట్లు, ఐఎన్‌ఆర్ రోజుకు రెండుసార్లు చూడవచ్చు.

లేత నీలం మూత ట్యూబు

రిపోర్టు ఎంత జాగ్రత్తగా చదివినా, శాంపిల్ తప్పుగా తీస్తే అంతా వృథా. గడ్డకట్టే పరీక్షలకు వాడేది లేత నీలం మూత ఉన్న ట్యూబు. రక్తం ట్యూబులో గడ్డకట్టకుండా ఆపే 3.2 శాతం సోడియం సిట్రేట్ ద్రవం అందులో ముందే ఉంటుంది. తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ అన్నది లెక్క. 0.3 మిల్లీలీటర్ల సిట్రేట్ ఉన్న ట్యూబులోకి 2.7 మిల్లీలీటర్ల రక్తం, గీత దాకా, రావాలి. షాక్‌లో ఉన్న రోగికి నరం దొరకదు. రెండు మూడు చోట్ల పొడిచాక రక్తం చుక్కలు చుక్కలుగా వస్తుంది, ట్యూబు సగమే నిండుతుంది, "ఇది చాల్లే" అని పంపేస్తారు. అప్పుడు సిట్రేట్ ఎక్కువై, పీటీ లేనిపోని పొడుగొస్తుంది. లేని జబ్బు కనిపిస్తుంది.

మెడ దగ్గర పెట్టిన లైను నుంచి తీస్తే ఇంకో చిక్కు. ఆ లైను మూసుకుపోకుండా, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ అనే మందు ఎక్కించి ఉంటారు. మొదట వచ్చే రక్తాన్ని తగినంత పారబోయకపోతే ఆ హెపారిన్ శాంపిల్‌లోకి వచ్చి ఏపీటీటీ ఆకాశానికి ఎక్కుతుంది. రక్తం తీశాక ట్యూబును మూడు నాలుగు సార్లు మెల్లగా తిరగేయాలి. గట్టిగా ఊపితే కణాలు పగులుతాయి, తిరగేయకపోతే ట్యూబులోనే సన్నని గడ్డ కడుతుంది. ఆ గడ్డతో పాటే శాంపిల్ యంత్రంలోకి వెళితే వచ్చే అంకెకు అర్థమే లేదు. తిరుపతిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నర్సింగ్ హోమ్ నుంచి ల్యాబుకు బైక్ మీద జేబులో వెళ్లే ట్యూబు ఆ వేడికి పాడవుతుంది. అలాగని ఐస్‌లో పెట్టినా తప్పే, చల్లదనానికి కొన్ని కారకాలు మారిపోతాయి. గది ఉష్ణోగ్రతలో ఉంచి, నాలుగు గంటల్లోపు పరీక్ష చేయాలి.

ప్లేట్‌లెట్లకు వాడే ఊదా రంగు మూత ట్యూబుకూ ఒక గుట్టు ఉంది. రక్తం గడ్డకట్టకుండా అందులో కలిపే ఈడీటీఏ అనే పదార్థం వల్ల కొద్దిమంది రక్తంలో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. యంత్రం ఆ గుంపులను ప్లేట్‌లెట్లుగా గుర్తించదు, 40,000 అని చూపిస్తుంది. మైక్రోస్కోప్ కింద స్లైడ్ చూస్తే గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. ల్యాబులో ఒక మనిషి రెండు నిమిషాలు స్లైడ్ చూడడం వల్ల దాతల కోసం రాత్రంతా పరుగులు తప్పిన సందర్భాలు ఉంటాయి. ఆ మనిషి విలువ ఏ యంత్రానికీ తక్కువ కాదు.

అదే పోలికతో వచ్చే వేరే జబ్బులు

జ్వరం, ప్లేట్‌లెట్లు తక్కువ. మన ప్రాంతంలో ఈ రెండూ కలిసి రావడానికి సెప్సిస్ ఒక్కటే కారణం కాదు. డెంగీలో సాధారణంగా జ్వరం తగ్గే వేళకు ప్లేట్‌లెట్లు పడతాయి, రక్తం చిక్కబడి హిమాటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు, పెరుగుతుంది. పీటీ పెద్దగా మారదు, ఏపీటీటీ కొంచెం పెరుగుతుంది. స్క్రబ్ టైఫస్ చెట్టూచేమలో, గడ్డిలో ఉండే సన్నని పురుగు పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. శేషాచలం అడవి అంచున పశువులు మేపేవాళ్లు, తోటల్లో పనిచేసేవాళ్లు చంకల్లో, గజ్జల్లో, నడుము పట్టీ కింద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో చూడాలి. అది దొరికితే డాక్సీసైక్లిన్‌తో జబ్బు లొంగుతుంది. సెప్సిస్ అనుకుని ఎంత ఖరీదైన పెన్సిలిన్ రకం మందు ఎక్కించినా లొంగదు. స్క్రబ్ టైఫస్ ముదిరితే అదీ డీఐసీకి దారి తీస్తుందని గుర్తుంచుకోవాలి. ఒంటి మీద పెచ్చు కోసం వెతకడానికి పైసా ఖర్చు లేదు.

స్లైడ్‌లో ఎర్రకణాలు విరిగి ముక్కలుగా కనిపించి, పీటీ, ఏపీటీటీ మాత్రం మామూలుగా ఉంటే టీటీపీ అనే జబ్బును అనుమానించాలి. అరుదైనదే గానీ ప్లాస్మా (రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవం) మార్పిడి చేయకపోతే చాలావరకు ప్రాణం దక్కదు. హెపారిన్ మొదలుపెట్టిన ఐదు నుంచి పది రోజుల మధ్య ప్లేట్‌లెట్లు సగానికి పడితే తప్పు హెపారిన్‌దే కావచ్చు. కాలేయం చెడినవాళ్లకు సెప్సిస్ లేకపోయినా ప్లేట్‌లెట్లు తక్కువ, ఐఎన్‌ఆర్ ఎక్కువ ఉంటాయి. అక్కడ పాత రిపోర్టులే దారి చూపిస్తాయి, అవి లేకపోతే ఎనిమిదో కారకం. డీఐసీ ముదిరాక అది తగ్గుతుంది, కాలేయ జబ్బులో తగ్గదు. రోజుల తరబడి తిండి లేక, యాంటీబయాటిక్స్ మీదే ఉన్న రోగికి విటమిన్ కె కొరత వస్తుంది. ఐఎన్‌ఆర్ పెరుగుతుంది గానీ ప్లేట్‌లెట్లు మారవు. విటమిన్ కె ఇచ్చి మర్నాడు మళ్లీ చూస్తే తేలిపోతుంది.

తిరుపతికి మాత్రమే ఉన్న ఇబ్బంది ఒకటుంది. దర్శనానికి వచ్చి ఇక్కడ జబ్బు పడే పెద్దవాళ్లు. పాత రిపోర్టులన్నీ ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలో ఇంట్లో ఉంటాయి. గుండె కవాటం మార్పిడి అయినవాళ్లు అసిట్రోమ్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు వేసుకుంటుంటారు. వాళ్లకు ఐఎన్‌ఆర్ 2.5 ఉండడం జబ్బు కాదు, వైద్యం. ఆ సంగతి తెలియని డాక్టరుకు అది సెప్సిస్ చేసిన పనిలా కనిపిస్తుంది. కొండకు బయల్దేరేటప్పుడు బట్టలతో పాటు మాత్రల చీటీ ఫొటో ఫోన్‌లో ఉంటే ఇంత గందరగోళం ఉండదు.

తేలాక ఏం మారుతుంది

గడ్డకట్టే వ్యవస్థ దెబ్బతిందని తేలగానే ప్లేట్‌లెట్లు ఎక్కించాలని బంధువులు ఒత్తిడి చేస్తారు. వాళ్ల ఆందోళన అర్థం చేసుకోదగ్గదే. కానీ రక్తస్రావం లేని సెప్సిస్ రోగికి 10,000కు తగ్గితేనో, రక్తస్రావం అయ్యే ముప్పు బాగా ఉంటే 20,000కు తగ్గితేనో ఎక్కించమని మార్గదర్శకాలు చెబుతాయి. రక్తం కారుతున్నా, ఆపరేషన్ చేయాల్సి వచ్చినా ఆ హద్దు 50,000. రిపోర్టులో ఐఎన్‌ఆర్ అందంగా కనిపించడం కోసం ప్లాస్మా ఎక్కించకూడదు. లోపల గడ్డలు కడుతున్నంతసేపూ ఎక్కించిన ప్లేట్‌లెట్లు కూడా ఆ గడ్డల్లోకే పోతాయి.

అసలు మందు ఇన్ఫెక్షన్‌ను తీసేయడమే. షాక్‌లో ఉంటే గంటలోపు యాంటీబయాటిక్, చీము ఉంటే తీయడం, మూత్రనాళంలో రాయి అడ్డుపడితే ఆ అడ్డు తొలగించడం. ఎస్ఐసీ పాజిటివ్ వచ్చిన రోగిలో "చీము ఎక్కడైనా మిగిలిందా?" అని మళ్లీ వెతకడం అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు. పాకాల రోగికి ఆ సాయంత్రం కావాల్సింది ప్లేట్‌లెట్ల బ్యాగు కాదు, కిడ్నీలకు అల్ట్రాసౌండ్. నేరుగా గడ్డకట్టడం మీద పనిచేసే మందుల చరిత్ర నిరాశగానే ఉంది. ప్రోటీన్ సి నుంచి తయారైన ఒక మందు 2001లో ఎంతో ఆశతో వచ్చి, పెద్ద పరీక్షలో ఫలితం లేదని తేలి 2011లో మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. థ్రాంబోమాడ్యులిన్, యాంటీథ్రాంబిన్ జపాన్‌లో వాడుతున్నారు గానీ, థ్రాంబోమాడ్యులిన్ మీద 2019లో వెలువడిన అంతర్జాతీయ పరీక్షలో మరణాలు స్పష్టంగా తగ్గలేదు. కాళ్లలో గడ్డలు కట్టకుండా తక్కువ మోతాదు హెపారిన్ మాత్రం, రక్తస్రావం లేకపోతే, చాలామందికి ఇస్తారు. ప్లేట్‌లెట్లు కాస్త తగ్గాయని దాన్ని భయపడి ఆపేయడం సెప్సిస్‌లో తప్పు నిర్ణయం కావచ్చు, ఎందుకంటే మొదటి ప్రమాదం గడ్డలదే.

ఈ ప్రాంతంలో ఇలాంటి రోగుల్లో చాలామంది ఒక ఆసుపత్రిలో చేరి ఇంకో ఆసుపత్రికి మారతారు. పలమనేరు నుంచి చిత్తూరుకో, అక్కడి నుంచి వేలూరుకో; శ్రీకాళహస్తి నుంచి తిరుపతిలో రుయాకో, స్విమ్స్‌కో. రెఫరల్ చీటీలో ఎక్కువగా ఉండేది "ప్లేట్‌లెట్లు తక్కువ" అన్న ఒక్క ముక్క. ఎప్పుడు ఎంత అన్నది ఉండదు, రిపోర్టుల కాగితాలు బంధువుల సంచిలో ఎక్కడో మడతపడి ఉంటాయి. అంబులెన్సు దిగిన వేళ తీసిన రక్తం అక్కడ మొదటి పరీక్షగా మిగిలిపోతుంది. ఉదాహరణలోని మహిళను మర్నాడు ఉదయమే తిరుపతికి తీసుకొచ్చి ఉంటే, కొత్త డాక్టరు చేతికి వచ్చేది 1,45,000 అన్న అంకె ఒక్కటే. కొద్దిగా తక్కువ, రేపు చూద్దాం అనిపించే అంకె. అదే చీటీ మీద "నిన్న రాత్రి 7 గంటలకు 2,40,000, ఐఎన్‌ఆర్ 1.1, ఇవాళ ఉదయం 6 గంటలకు 1,45,000, ఐఎన్‌ఆర్ 1.3, రాత్రి నుంచి మూత్రం 150 మిల్లీలీటర్లే" అని రాసి ఉంటే, ఆయన సాయంత్రం దాకా ఆగడు. అల్ట్రాసౌండ్ గదికి అప్పుడే ఫోన్ చేస్తాడు.